నాలుగు మూలల పాట

హోల్డర్‌బాఖ్, ట్రాన్సిల్వేనియా, రొమేనియా
ఏప్రిల్ 22, 1990

మరదలు గెర్హిల్డ్‌కు,

నీ పార్శిల్ అందింది. కాఫీ పొట్లం దారిలో పగిలి బట్టల సబ్బుపొడిలో కలిసిపోయింది. పారేయడానికి మనసొప్పక ఒక గ్లాసు కలుపుకుని చూశాను. కడుపు మాత్రం శుభ్రమైంది.

అయినా ఈసారి నాకు కావలసింది కాఫీ కాదు, పాట. మేళం గది కప్పు ఈ చలికాలం కారింది. మీ నాన్న చేత్తో రాసిన నాలుగు మూలల పాట కాగితాలు పెట్టెలోనే నాని పిండైపోయాయి. నా మూలది ఒక్కటే బతికింది, అదీ నా బాకా పెట్టెలో ఉండబట్టి. క్రిస్మస్ తెల్లవారుజామున ఆ పాట మోగకపోతే అది క్రిస్మసే కాదని నీకు నేను చెప్పాలా? యుద్ధం చివర, వయసు మగవాళ్ళందరినీ రష్యా గనులకు తోలుకుపోయిన ఏడు కూడా ముసలాళ్ళు చర్చి నాలుగు మూలల బాల్కనీల్లో నిలబడి ఊదారు.

నువ్వు మళ్ళీ రాయాలి. రాగం అదే, ఎన్ని వందల ఏళ్ళదో ఎవరికీ తెలియని ఆ రాగమే. చుట్టూ అల్లే స్వరాలు మాత్రం నీ ఇష్టం. అంత పెద్ద చదువు చదివావు, ఊళ్ళన్నిటి మేళాలకూ రాశావు. సొంత ఊరికి ఒక్క ముక్క రాయలేదు. సిగ్గులేదూ?

సరిహద్దు తెరిచారు కదా, ఇక్కడి మన జర్మన్ జనం మార్చి నుంచి బస్సుల కొద్దీ మీ జర్మనీకి వచ్చేస్తున్నారు, వార్తల్లో చూసే ఉంటావు. మేళంలో మాత్రం పదకొండుమందిమి గట్టిగా ఉన్నాం. పదకొండుమందికి రాయి.

మీ అక్క సమాధి చుట్టూ గడ్డి కోశాను.

మీ బావ,
సిమొన్ త్సికెలి


లూనెబుర్గ్
మే 20, 1990

బావా,

సిగ్గు సంగతి నువ్వు చెబుతున్నావా? మా అక్కను చూడటానికి వచ్చిన మొదటిరోజు మా నాన్న ముందు అపస్వరం ఊది, "చలికి మీట గడ్డకట్టింది మామయ్యా" అన్నావు. అది జూలై నెల.

నేను స్వరం రాసి ఏడేళ్ళయింది. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను, అంతే. నీ ఉత్తరం వచ్చాక మాత్రం రాత కాగితాలు కొనుక్కొచ్చాను. రాగం నాకు గుర్తుందా అని ముందు భయం వేసింది. స్టవ్ దగ్గర నిలబడి కూనిరాగం తీస్తే నాలుగు వరుసలూ వాటంతటవే వచ్చాయి. మొదటిది మీ త్సికెలి వాళ్ళది, గంటస్తంభం మూల నుంచి. రెండోది క్లోస్ అన్నదమ్ములది. మూడోది మా కొనెర్ట్ వాళ్ళది. నాలుగోది పెద్ద బాకా, ఆ టూబా ఊదే లూర్ట్స్‌ది. చివర అందరూ కలిసి పట్టుకునే ఆ ఒక్క స్వరం.

మూడో వరుస దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. పైకి వెళుతుందనుకుంటాం, అది కిందికి దిగుతుంది. చిన్నప్పుడు నాన్నను అడిగితే, "ఏసు పుట్టిన పశువులపాకలోకి తల వంచుకునే వెళ్ళాలి గదే" అన్నాడు. నాకు ఆ వరుస నేర్పలేదు. ఆడపిల్లలకు మేళంలో చోటులేదని. తలుపు వెనక నిలబడి నేనే నేర్చుకున్నాను.

మొదటి రెండు వరుసలు ఇందులో పెడుతున్నాను. మేళంతో ఊదించి చూసి ఎలా ఉందో రాయి. ఇప్పుడు మూడో మూలలో ఎవరు నిలబడుతున్నారు? లూర్ట్స్ ఇంకా తాళానికి వెనకే నడుస్తాడా?

అక్క దగ్గర ఈ ఏడు ఏం పూసింది?

గెర్హిల్డ్


హోల్డర్‌బాఖ్
జూన్ 17, 1990

మరదలా,

పియోనీలు పూశాయి. ఎర్రవి. వానకు తల వాల్చేశాయి.

మొన్న గురువారం, పద్నాలుగో తేదీ, నీ రెండు వరుసలూ మా వంటింట్లో సాధన చేశాం. లూర్ట్స్ రెండు పళ్ళేల మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు లాగించి, ఆయాసంతో అర స్వరం కింద ఊదాడు. క్లోస్ అన్నదమ్ములు ఎవరి బాకా ముందని ఎప్పటిలా కొట్టుకున్నారు. మీ మూలలో మార్టిన్ డ్రోట్లెఫ్ నిలబడుతున్నాడు. కుర్రాడు మంచివాడే, ఊపిరి చాలదు.

ఇక తిట్లు విను. మరీ కిక్కిరిసి రాశావు. మన చర్చిలో ఒక్క స్వరం ఊదితే గోడలు దాన్ని నాలుగు లెక్కలదాకా వదలవు, మర్చిపోయావా? ఒక మూల మోత అణగకముందే ఇంకో మూలను లేపితే సంతలో ఉన్నట్టుంటుంది. ఒక మూల ఊదాలి. జనం అటు తల తిప్పాలి. ఆ తర్వాత ఇంకో మూల. చోటు వదులు తల్లీ, చోటు వదులు.

మేమందరం నీ పాట కోసం కాచుకుని ఉన్నాం. లూర్ట్స్ నీకు నమస్కారం చెప్పమన్నాడు.

సిమొన్ బావ


లూనెబుర్గ్
సెప్టెంబరు 9, 1990

సిమొన్ బావకు,

అబద్ధం ఆడినా అతికినట్టుండాలి బావా.

పోయిన వారం పనిమీద హైల్‌బ్రోన్ వెళ్ళాను. రొట్టెల కొట్టు దగ్గర వరసలో నా ముందొక మనిషి నిలబడ్డాడు. ఆ వీపు చూడగానే గుర్తుపట్టాను. అంత వీపు ప్రపంచంలో ఒక్కటే. "లూర్ట్స్ మామా!" అన్నాను. ఆయన తిరిగి చూసి, నన్ను పట్టుకుని, కొట్టులో అందరి ముందూ ఏడ్చాడు. ఆయన మే రెండో తేదీనే వచ్చేశాడట. ఆరుగురు ఒక్క గదిలో ఉంటున్నారు. టూబా మంచం కింద ఉంది.

మరి జూన్ పద్నాలుగున మీ వంటింట్లో రెండు పళ్ళేలు ఎవరు తిన్నారు? నాకు నమస్కారం చెప్పమన్నదెవరు? క్లోస్ అన్నదమ్ములు ఏప్రిల్‌లోనే ఇంగోల్‌స్టాట్ చేరారని కూడా ఆయనే చెప్పాడు. డ్రోట్లెఫ్ సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు.

నేను వేసవి సెలవలంతా కూర్చుని పదకొండుమందికి రాశాను బావా. ఒక్కొక్కరి ఊపిరి గుర్తుచేసుకుని రాశాను. లూర్ట్స్ మామకు ఊపిరి తీసుకునేందుకు చోటు ఎక్కువ వదిలాను. నన్ను ఇంత వెర్రిదాన్ని చేస్తావా? అసలు ఎంతమంది మిగిలారు? ఈసారి నిజం రాయి.

ఎవరూ లేకపోతే దానికంత దాపరికం దేనికి? నాలుగు వరుసలూ నీకు కంఠతా వచ్చు. నువ్వే ఒకదాని తర్వాత ఒకటి ఊదెయ్. పాట పాటే కదా.

గెర్హిల్డ్


హోల్డర్‌బాఖ్
అక్టోబరు 4, 1990

గెర్హిల్డ్,

నిజం రాయమన్నావు. రాస్తున్నాను.

ఒక్కణ్ణే. మార్టిన్ కూడా జూలైలో జర్మనీ వెళ్ళిపోయాడు, అతనే ఆఖరు. మనవాళ్ళలో ఊళ్ళో మిగిలింది నలుగురు ముసలమ్మలూ నేనూ. పాస్టరుగారు తొమ్మిది ఊళ్ళు తిరగాలి. క్రిస్మస్ రెండోరోజున గాని మాకు వంతు రాదు.

గురువారాల సాధన మాత్రం అబద్ధం కాదు. పదకొండు కుర్చీలు వేస్తాను. నా వరుస ఊదుతాను. మిగతా మూడు మూలల వంతులు లెక్కపెడతాను. తర్వాత కుర్చీలు తీసేస్తాను. లూర్ట్స్ తిన్నాడని రాసిన చుట్టలు నేనే తిన్నాను, రెండు రోజులు.

ఎందుకు దాచానంటావా? ఒక్కణ్ణని రాస్తే నువ్వు జాలిపడి ఇంకో కాఫీ పొట్లం పంపుతావు. పాట రాయవు. పదకొండుమంది ఎదురుచూస్తున్నారంటే రాస్తావు. రాశావా లేదా? రాసింది మళ్ళీ చదువుకో, నీ పాత చేయి నీకు తిరిగొచ్చింది.

ఇక నువ్వు అడిగిన రెండో మాట. నాలుగు వరుసలూ నేను ఊదను. చచ్చినా ఊదను. ఒక మూలవాళ్ళు ఇంకో మూల వరుస ముట్టుకోరు. ముట్టుకుంటే ఆ మూలకు ఇక మనిషి ఉండడు అని మీ నాన్న నా మొదటిరోజునే చెప్పాడు. పిచ్చి నమ్మకమే అనుకో. కానీ క్లోస్‌ల వరుస నేను ఊదానంటే వాళ్ళిక రారని నేనే ఒప్పుకున్నట్టు. ఆ మాట వాళ్ళు చెప్పాలి. నా బాకా చెప్పకూడదు.

కోపంలో ఉన్నాను గనక ఇదీ రాసేస్తున్నాను. డెబ్భై ఎనిమిదిలో గాయకబృందంతో పదిరోజులకని జర్మనీ వెళ్ళి నువ్వు తిరిగి రాలేదు. మీ నాన్నను పోలీసు స్టేషనుకు ఎన్నిసార్లు పిలిచారో నీకు రాయలేదు. ఎనభై ఆరులో మీ అక్క సారాను పూడ్చినరోజు మేళం అంతా ఉంది. నువ్వు లేవు. అప్పుడు రాలేవు, తెలుసు. ఇప్పుడు సరిహద్దు తెరిచి పది నెలలైంది. అక్క దగ్గర ఏం పూసిందని నన్ను అడుగుతున్నావు. వచ్చి చూసుకోవచ్చు గదా?

సొరుగులో వలస ఫారం ఉంది. నింపలేదు, చించలేదు. క్రిస్మస్‌కి పాట మోగకపోతే నింపుతాను. నన్ను ఇక్కడ పట్టి ఉంచింది ఆ ఒక్కటే.

సిమొన్


లూనెబుర్గ్
నవంబరు 18, 1990

బావా,

నీ ఉత్తరం నాలుగు వారాలు బల్లమీదే ఉంచుకున్నాను. రోజూ ఎదురుగా కూర్చుని భోంచేశాను. నువ్వు రాసిందంతా నిజం.

మార్చిలో రైలు టికెట్టు కొన్నాను. స్టేషనుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆగస్టులో మళ్ళీ కొన్నాను, మళ్ళీ వచ్చాను. నాన్నను వాళ్ళు ఏం చేశారో ఊళ్ళో ఎవరైనా నాతో చెబుతారని భయం. ఎవరూ మిగల్లేదని తెలిశాక భయం తగ్గాలి కదా, పెరిగింది. అక్క సమాధి దగ్గర ఏ మొహం పెట్టుకుని నిలబడను? ఇంకెవరికీ ఈ మాట చెప్పలేదు.

పదకొండుమందికి రాసింది పక్కన పెట్టేశాను. కొత్తగా రాశాను. చోటు వదలమన్నావు, వదిలాను. ఒక్కో మూలకు ఒక్క వాయిద్యం, ఒక్కో వరుసకు పదహారు లెక్కలు. అల్లికలన్నీ తీసేశాను. ఇంత తక్కువ స్వరాలతో నేనెప్పుడూ ఏదీ రాయలేదు, ఇంత కష్టమూ పడలేదు. నీ కాగితం ఇందులో ఉంది. ముందు నీ వరుస. తర్వాత నలభై ఎనిమిది లెక్కల మౌనం. తర్వాత చివరి స్వరం, నీ ఊపిరి ఉన్నంతసేపు.

ఆ మౌనం ఖాళీ కాదు బావా. క్లోస్ అన్నదమ్ములకు వాళ్ళ కాగితం పంపాను. "మా ఇద్దరిలో ఎవరు ఊదాలి?" అని ఫోన్లోనే కొట్టుకున్నారు. లూర్ట్స్ మామకు ఆయన కాగితం చేరింది. మూడో మూలకు మనిషి కావాలి. కొనెర్ట్‌లలో నేనొక్కదాన్నే మిగిలాను. బడి నుంచి కొమ్ము బూర అరువు తెచ్చుకున్నాను. యాభై రెండేళ్ళ ఆడదాన్ని, పెదవి వాచిపోయి పిల్లల ముందు సూపు తాగలేకపోతున్నాను. నాన్న చూస్తే ఏమనేవాడో.

క్రిస్మస్ తెల్లవారుజామున సరిగ్గా ఆరు గంటలకు నువ్వు మొదలుపెట్టు. మేమూ ఆరింటికే గడియారం ముందు నిలబడి, నీ వరుస లోపల లెక్కపెట్టుకుంటాం. ఎవరి వంతు రాగానే వాళ్ళం ఊదుతాం. చివరి స్వరం నలుగురం ఒకేసారి. నీకు వినబడదు, నాకు తెలుసు. కానీ ఎవరి మూల వాళ్ళదే, ఎవరూ ఇంకొకరిది ముట్టుకోరు.

ఫారం ఇంకా నింపకు.

గెర్హిల్డ్


హోల్డర్‌బాఖ్
డిసెంబరు 9, 1990

మరదలా,

కాగితం అందింది. అరువు కళ్ళజోడుతో చదువుకున్నాను.

చివరి స్వరం చూసి నవ్వొచ్చింది. నాకు నడిమి స్వరం ఇచ్చావు. పైన ఒకరు, కింద ఒకరు ఉంటేనే దానికి అందం. ఒక్కడే ఊదితే పెళ్ళిలో తప్పిపోయిన చుట్టంలా ఉంది. మార్చమని అడగడంలేదు. అలాగే ఉండనీ.

ఆరింటికి. ఆరు నూరైనా.

సిమొన్


లూనెబుర్గ్
డిసెంబరు 27, 1990

బావా,

నన్ను తిట్టు. నీకు తెలిసిన తిట్లన్నీ తిట్టు.

ముందు జరిగింది చెబుతాను. ఆరింటికి కిటికీ తెరిచి, కోటు తొడుక్కుని నిలబడ్డాను. ముప్పై రెండు లెక్కపెట్టి మూడో వరుస ఊదాను. ఒక్క తప్పూ రాలేదు. కిందికి దిగే చోట తల దానంతటదే వంగింది. పైఅంతస్తు ఆవిడ నేలమీద కర్రతో పొడిచింది. చివరి స్వరం ఊపిరి ఆగేదాకా పట్టుకున్నాను. ఆ తర్వాత నేలమీద కూర్చుండిపోయాను. పన్నెండేళ్ళ తర్వాత మొదటిసారి మన చర్చిలో ఉన్నాననిపించింది.

నిన్న లూర్ట్స్ మామ ఫోన్ చేశాడు. ఆయన మెట్ల దగ్గర ఊదాడట. పోలీసు వచ్చి, పూర్తిగా విని, "పండగ శుభాకాంక్షలు" చెప్పి పోయాడట. క్లోస్ అన్నదమ్ములు ఇద్దరూ ఊదారట. ఎవరు ముందో ఇంకా తేలలేదు. అంతా చెప్పాక, "అమ్మాయీ, ఒక మాట. అక్కడ గడియారం మనకంటే గంట ముందు కదూ?" అన్నాడు.

గంట ముందు. నేను ముప్పై తొమ్మిదేళ్ళు బతికిన ఊరి గడియారం బావా! అది మర్చిపోయాను. స్వరాలన్నీ గుర్తున్నాయి, టైము మర్చిపోయాను. నువ్వు నీ ఆరింటికి ఊది, ఆ నలభై ఎనిమిది లెక్కలూ ఎవరూ లేని మౌనంలో నిలబడ్డావు. అప్పుడు నేను మంచంమీద ఉన్నాను. మేం ఊదేసరికి నువ్వు తాళం వేసి ఇంటికి వెళ్ళి ఉంటావు. అది ఖాళీ కాదని నీకు మాటిచ్చాను. ఖాళీయే అయింది.

ఫారం నింపేశావా? నింపితే నిన్ను ఏమీ అనను.

గెర్హిల్డ్


హోల్డర్‌బాఖ్
జనవరి 13, 1991

గెర్హిల్డ్,

తిట్టడానికే కాగితం తీశాను. తిట్లు రావడంలేదు. ముసలితనం.

క్రిస్మస్ తెల్లవారుజామున నాలుగు మూలలా కొవ్వొత్తులు వెలిగించాను. ముసలమ్మలు నలుగురూ వచ్చారు. ఇక్కడి ఆరింటికి గంటస్తంభం మూల నుంచి నా వరుస ఊదాను. బాగానే వచ్చింది. తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండో వరుస వంతు రాగానే ముసలమ్మలు నలుగురూ క్లోస్‌ల మూల వైపు తల తిప్పారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అలవాటు. తర్వాత మీ మూల వైపు. తర్వాత లూర్ట్స్ మూల వైపు. ఎవరూ లేని బాల్కనీల వైపు వంతు ప్రకారం చూశారు, ఒక్క లెక్క తప్పలేదు. చివరి స్వరం నేను వదల్లేదు. ఎంత వికారంగా మోగిందో చెప్పలేను. ఊపిరి ఉన్నంతసేపు పట్టుకున్నాను.

ముసలమ్మలు కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. నేనూ కొవ్వొత్తులు ఆర్పి తాళం వేసుకుని పోవాలి. పోలేదు. మెట్లెక్కి మీ నాన్న మూలకు వెళ్ళి, ఆయన బల్లమీద కూర్చున్నాను. ఎందుకంటే ఏమని చెప్పను? ఇంకా పాట అయిపోలేదనిపించింది. నలభై ఎనిమిదీ లెక్కపెట్టాను కదా, మరి అవలేదేమిటని నామీద నాకే విసుగు. కాళ్ళు చల్లబడ్డాయి. బాకా ఒళ్ళో ఉంది. ముసలాడికి మతి పోతోంది, ఫారం నింపడమే మంచిది అనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను కూడా.

గంటస్తంభంలో గంట ఏడు కొట్టడం విన్నాను. ఆ తర్వాత కూడా కాసేపు కూర్చున్నాను. ఎంతసేపని అడుగుతావేమో. క్లోస్‌ల కొవ్వొత్తి ఆరిపోయేటంతసేపు. అప్పుడు లేచి మిగతావి ఆర్పాను.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. రెండుసార్లు చదివి, వేళ్ళమీద గంటలు లెక్కపెట్టుకున్నాను. మీ ఆరు, మా ఏడు. నువ్వు మూడో వరుస ఊదుతున్నప్పుడు నేను మూడో మూలలోనే కూర్చుని ఉన్నాను మరదలా.

ఫారం సొరుగులోనే ఉంది. పొయ్యి అంటించడానికి పనికొస్తుంది. మీ నాన్న బల్ల దుమ్ము తుడిచాను. వచ్చే క్రిస్మస్‌కి గడియారం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు రైలెక్కి కూర్చో, ఈసారి వెనక్కి తిరగకు.

బావ సిమొన్